కొండ ముందు, అరుపు వెనక

రిపేరు పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను కలిసినప్పుడు తరచూ ఒకటే అడుగుతారు: మీరు బాగుచేసినవాటిలో అన్నిటికన్నా కష్టమైంది ఏది అని. నిజం చెప్పాలంటే బాగుచేసినవి నాకు పెద్దగా గుర్తులేవు. తీసుకెళ్లినవాళ్లు మళ్లీ రాకపోతే అది బాగానే ఉందనుకుని మరిచిపోతాం. చెడగొట్టినవి మాత్రం ఒక్కటీ మరుపు రాదు. వాటిల్లో ఒకటి చెబుతాను. గిటారు వాయించేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఆత్మకూరు బస్టాండుకు కొంచెం ఎడంగా ఒక సందులో నాకు ముప్పై ఏళ్లకు పైగా షాపు ఉండేది. మొదట్లో రేడియోలు, ఆ తర్వాత టేప్ రికార్డర్లు, టీవీలు, చివరికొచ్చేసరికి మైకుసెట్ల ఆంప్లిఫయర్లు. చెయ్యి వణకడం మొదలయ్యాక మూసేశాను. ఆ షాపులో సగం నాది, సగం భాయ్‌ది. భాయ్‌ది అనుమసముద్రంపేట. నాకన్నా రెండేళ్లు పెద్ద. దర్గా ఉరుసుకూ, పెళ్లిళ్లకూ, చర్చి పండగలకూ మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. సర్క్యూట్ బొమ్మ ముందు పెడితే ఆయనకు ఒక్క గీత అర్థం కాదు. చెవి మాత్రం అసాధ్యమైనది. నాలుగు బాక్సుల్లో ఒకదాని గొంతు మారితే వీధి చివర టీ తాగుతూ కనిపెట్టేసేవాడు. నాకు పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. మా ఇద్దరి మధ్య నడిచిన తగాదాలన్నిటికీ మూలం ఆ డిప్లొమానే.

షాపు మూయడానికి మూడు నాలుగేళ్ల ముందు సంగతి ఇది. ఒక శనివారం మధ్యాహ్నం ఆటో దిగి ఒకావిడ షాపు ముందుకొచ్చింది. భుజాన గిటారు సంచి, చేతుల్లో దుప్పట్లో చుట్టిన పెట్టె. నలభై ఏళ్లుంటాయి. దుత్తలూరు వైపు హైస్కూల్లో సైన్సు టీచరు, ఉండేది ఉదయగిరిలో. అక్కడి చర్చి పాటల బృందంలో గిటారు వాయిస్తానని చెప్పింది. నేను ఎలక్ట్రిక్ గిటారు వాయించే ఆడమనిషిని చూడడం అదే మొదటిసారి. ఆ సంగతి నా మొహంలో కనపడినట్టుంది, ఆవిడ పట్టించుకోలేదు. అలవాటైపోయి ఉంటుంది.

దుప్పటి తీస్తే పాత చెక్క పెట్టె. ముందు గుడ్డ, వెనక పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు. ఎప్పుడో దొరల కాలంలో మిషన్ బంగళాలో వదిలేసి వెళ్లిన సామాన్లలో దొరికిందట. గిటారు ఆంప్. వాల్వు సెట్టు చూసి అప్పటికి ఎన్నేళ్లయిందో! ప్రాణం లేచి వచ్చింది. ఆన్ చేశాను. వాల్వుల్లో ఎర్రటి వెలుగు నెమ్మదిగా ముదిరింది.

"ముందు ఉత్తది వినండన్నా," అని టీచరమ్మ గిటారు తగిలించి, ఆంప్ వాల్యూమ్ బాగా పెంచి నాలుగు స్వరాలు వాయించింది. అంత చిన్న పెట్టెలోంచి ఆ గొంతు వస్తుందని నేను అనుకోలేదు. కొంచెం చిరిగిన గొంతే, కానీ నిండుగా ఉంది. గుంపుకు వినపడాలని ఎవరో మనసారా ఎలుగెత్తి పాడుతున్నట్టుంది. బయట టీ తాగుతున్న భాయ్ గ్లాసు పట్టుకునే లోపలికొచ్చాడు.

"ఇప్పుడు ఇది పెట్టి వినండి." సంచిలోంచి సబ్బుపెట్టెంత డబ్బా తీసి గిటారుకూ ఆంప్‌కూ మధ్య కలిపింది. డిలే పెడల్. కాలితో నొక్కితే, మనం వాయించిన స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపిస్తుంది. మళ్లీ, ఇంకా మెల్లగా మళ్లీ. ఆంప్ వాల్యూమ్ తగ్గించి వాయిస్తే ముచ్చటగా ఉంది. పెంచి వాయించగానే అంతా బురద. ఏది అసలు స్వరమో, ఏది దాని నకలో తెలియకుండా ఒకదాని మీద ఒకటి పడి, ఒకటే మోత.

"వాల్యూమ్ తగ్గిస్తే పాటలో వినపడదు. పెంచితే ఇదిగో, ఇట్టా ఉండాది. మా బృందం పెద్దసారు కోతపండగ దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఇదే మోతయితే గిటారు పక్కన పెట్టెయ్యమన్నాడు. హార్మోనియం, డోలకీ చాలంట." కోతపండగ మూడు వారాల్లో ఉంది. "వీడియోల్లో చూసినాను. ఎఫెక్ట్స్ లూప్ అని ఉంటాదంటన్నా. ఆంప్ వెనకాల రెండు బెజ్జాలు, సెండ్ అని ఒకటి, రిటర్న్ అని ఒకటి. డిలే అక్కడ పెట్టాలంట. మా దానికి లేవు. ఎందుకు అక్కడే పెట్టాల్నో మీకు తెలుసా?"

నాకు తెలియదు. ఎఫెక్ట్స్ లూప్ అన్న మాట వినడమే అప్పుడు. కానీ డిప్లొమా ఉన్న నోరు కదా, "తెలుసు తెలుసు, పెట్టేద్దాం," అనేసింది.

టీచరమ్మ ఆంప్ వదిలేసి వెళ్లాక భాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏంది నీకు తెలిసింది?"

"తెలుసుకుంటాలే."

"ఆ యమ్మ ఎందుకు అని అడిగె. నువ్వేమో పెట్టేద్దాం అంటివి. అడిగిందానికి జవాబు అదేనా?"

పిల్లలూ, ఆ రోజు ఆ మాట విని ఆగి ఉంటే నేను ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ వారమంతా నేను ఉత్సాహంగానే ఉన్నాను. ఫోన్లో వెతికాను, కాగితాల మీద బొమ్మలు గీశాను. సంగతి అంత కష్టమైందేమీ కాదు. ఆంప్‌లో రెండు భాగాలుంటాయి. ముందుభాగం గిటారు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచి దానికో రంగు ఇస్తుంది. వెనకభాగం దానికి స్పీకరును కదిలించే బలం ఇస్తుంది. లూప్ అంటే ఆ రెంటి మధ్య పెట్టిన తలుపు. శబ్దాన్ని అక్కడ బయటికి పంపి, పెడల్‌లో తిప్పి, మళ్లీ లోపలికి తెచ్చుకోవాలి. ఆంప్ వెనక రేకుకు రెండు బెజ్జాలు వేశాను. సాకెట్లు బిగించాను. రెండు భాగాల మధ్య ఉన్న తీగను తెంపి ఆ సాకెట్లకు సాల్డర్ చేశాను. కాగితం మీద బొమ్మ సరిగ్గానే ఉంది.

తరువాతి శనివారం టీచరమ్మ పెడల్‌తో వచ్చింది. తనే వైర్లు తగిలించుకుంది. రెండో వైరు ఆంప్ వెనక పెట్టగానే పెడల్‌లోంచి 'ఠప్'మని చిన్న చప్పుడైంది. దాని ఎర్రలైటు ఆరిపోయింది. కాలిన వాసన.

నేను ఆంప్ స్విచ్చి కట్టేసి, పెడల్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నా జన్మలో నేను పలికిన అతి నీచమైన మాట పలికాను: "పెడల్ పాతబడిపోయి ఉండాదమ్మా. ఎప్పుడైనా పోవాల్సిందే."

"నిన్న సాయంత్రం చర్చి స్పీకర్లో బాగానే పలికిందే," అందావిడ. అనుమానంగా కాదు, ఆశ్చర్యంగా. కొంచెంసేపు దాన్నే చూస్తూ కూర్చుని, బస్సుకు టైమైందని లేచింది. కాలిపోయిన పెడల్‌ను నా బల్ల మీదే వదిలేసింది. ఒకసారి విప్పి చూడమంది. భాయ్ నన్ను పిలవకుండానే టీకి వెళ్లాడు.

ఆవిడ వెళ్లాక మళ్లీ ఆంప్ ఆన్ చేసి, నేను పెట్టిన సాకెట్ దగ్గర మీటరు ఆనించాను. రెండు వందల వోల్టులు దాటి చూపించింది.

వాల్వుల మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. వాల్వు బతకడానికి కావలసిన పెద్ద కరెంటును అది తన దగ్గరే ఆపేసి, పాటను మాత్రం అవతలికి వదులుతుంది. నేను దానికి అవతలి కాలి దగ్గర తీగ తీయాలి. ఇవతలి కాలి దగ్గర తీశాను. తొమ్మిది వోల్టులతో బతికే పెడల్‌లోకి ఆ కరెంటంతా వెళ్లింది. ఇంతవరకైతే ఒక వస్తువు పోయింది, అంతే. కానీ మీటరు పట్టుకుని నిలబడినప్పుడు నాకు ఇంకొకటి తోచింది. ఆ వైరు రెండో కొన టీచరమ్మ చేతిలో ఉంది. ఆవిడ ముందు పెడల్‌లో ఒక కొన పెట్టి, తర్వాత ఆంప్‌లో రెండో కొన పెట్టింది. అదే తారుమారుగా చేసి ఉంటే, ఆ రెండు వందల వోల్టులు వట్టి పిన్ను మీద ఆవిడ వేళ్ల మధ్య ఉండేవి. దెబ్బ ఎంత తగిలేదో చెప్పలేను. ఇంకో చెయ్యి ఆంప్ రేకు మీద ఉంటే ఏమయ్యేదో అసలు ఊహించలేను.

టీ తాగి వచ్చిన భాయ్ నా మొహం చూశాడు. మీటరు చూశాడు. లెక్క ఆయనకు తెలియకపోయినా ఎవరి చెయ్యో తెలిసిపోయింది.

"చెప్పు ఆ యమ్మకి," అన్నాడు.

"బాగుచేసి ఇచ్చేస్తాలే భాయ్. చెప్పినా చెప్పకపోయినా వస్తువు బాగుంటే చాలు కదా."

"నేను కలువాయి పెళ్లిలో ఒకసారి వైరు సరిగా చుట్టకపోతే పెళ్లికొడుకు మేనమామకి షాక్ కొట్టింది. గుర్తుండాదా? పది మంది ముందర పోయి నాదే తప్పన్నాను. తిట్టినారు. తిట్టి, అన్నం పెట్టినారు. పోయి చెప్పురా."

అయినా నాలుగు రోజులు పట్టింది నాకు. ఆ నాలుగు రోజుల్లో తెంపిన తీగను మళ్లీ కలిపి, సాకెట్లు పీకి, ఆంప్‌ను పూర్వం ఎట్లా ఉండిందో అట్లా చేశాను. బుధవారం బస్సెక్కి ఆవిడ స్కూలుకు వెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ. వరండాలో నిలబడే మొత్తం చెప్పేశాను. మీటరు ఎంత చూపించిందో కూడా దాచలేదు.

టీచరమ్మ చివరిదాకా వింది. తర్వాత, "నేను ముందర ఏ కొన పెట్టినాను?" అని అడిగింది.

"పెడల్ కొనమ్మా."

"నాకు అట్టా వరస ఏం లేదన్నా. ఒకరోజు ఇది, ఒకరోజు అది." తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. "నాలుగు రోజులు ఎందుకు చెప్పలా మీరు?"

"సిగ్గేసింది."

"మా ల్యాబులో బీకరు పగలగొట్టినోళ్లు కూడా ఇదే చెప్తారు. వాళ్లకి పదమూడేళ్లు." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ తిట్టలేదు. అది చాలు, ఇప్పటికీ చెవిలో ఉంది. లోపలికి వెళ్లి టిఫిన్ డబ్బా మూత పెట్టి వచ్చింది. "సాయంత్రం ఉదయగిరికి రండి. అసలు ఎందుకు బురదవతా ఉండాదో మీరూ చెప్పలా, నాకూ తెలియలా. అది తేలకుండా ఇంకో బెజ్జం వెయ్యొద్దు."

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే ఆవిడ నన్ను ఊరి వెలుపల కొండ కిందికి తీసుకెళ్లింది. ఎందుకో మొదట చెప్పలేదు. ఒకచోట రాతిగోడలాగా నిటారుగా లేచిన కొండముఖం ఉంది. దానికెదురుగా నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి "ఓ" అని గట్టిగా అరిచింది. క్షణం ఆగి కొండ "ఓ" అంది. అరుపులో ఉన్న జీర కూడా అచ్చంగా తిరిగొచ్చింది.

"చిన్నప్పుడు ఇక్కడే అరిచేవాళ్లం. చూడన్నా, నా గొంతు చిరిగింది కదా? కొండ ఆ చిరిగిన గొంతునే వెనక్కి పంపింది. ఒక్కటే అరుపు, ఒక్కటే జవాబు. బురద ఏడ ఉండాది?"

నేను కొండ వంక చూస్తూ నిలబడ్డాను. డిప్లొమా చదువులో ఎవరూ నాకీ ప్రశ్న వేయలేదు.

"మీరు ఆంప్‌లో చేస్తా ఉండేది తలకిందులమ్మా," అన్నాను నెమ్మదిగా, ఒక్కో మాటా నాకే కొత్తగా తోస్తుండగా. "అరిచేది గిటారు కాదు. ఆంప్. గిటారు మామూలుగా మాట్లాడతాది. దాన్ని అరుపు చేసేది వాల్వులు. మీరు పెడల్‌ని వాల్వులకు ముందర పెట్టినారు. అంటే కొండ ముందు, అరుపు వెనక. అసలు స్వరం, దాని జవాబులు నాలుగు, అయిదూ కలిసి ఒకేసారి ఆ ఇరుకు గొంతులో పడి అరవాల. అందుకే ఒకదాన్నొకటి తొక్కుకుంటా ఉండాయి."

"అంటే కొండని అరుపు తర్వాత పెట్టాల."

"పెట్టాల. అందుకే ఆ లూప్ అనేది."

ఆవిడ నా వైపు తిరిగింది. "మరి ఈ పాత ఆంప్‌లో అరిచేది ముందుభాగమా, వెనకభాగమా?"

పిల్లలూ, ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు మరో రోజు పట్టింది. వాల్యూమ్ పెంచుతూ ఒక్కో చోటా వింటూ పోతే తేలింది ఏమిటంటే, ఆ ఆంప్‌లో అరిచేవి చివరి వాల్వులు. స్పీకరుకు బలం ఇచ్చేవి. అంటే నేను సరైన కాలి దగ్గరే తీగ తీసి, ఎవరికీ ఏ ప్రమాదమూ లేకుండా, పుస్తకంలో ఉన్నట్టే లూప్ పెట్టినా బురద బురదగానే ఉండేది. తలుపు పెట్టింది అరుపుకు ముందే కాబట్టి. అక్కరలేని తలుపు కోసం నేను ఒక పెడల్‌ను కాల్చాను, ఒక మనిషిని ప్రమాదం అంచు దాకా తీసుకెళ్లాను.

పెడల్‌ను బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే అతనికిచ్చాను. నా కంటికి ఆనని చిప్పు ఒకదాన్ని, పక్కన ఇంకో చుక్కంత ముక్కను భూతద్దం కింద మార్చి పది నిమిషాల్లో ఇచ్చాడు. అదీ చూశాను, నా గర్వానికి మంచి మందు.

ఇక మిగిలిన దారి ఏది? నాకు తోచింది చెప్పాను. ఆంప్‌ను అరవనీయకుండా వాల్యూమ్ తగ్గించి పెట్టాలి. అరుపు కోసం ఇంకో చిన్న పెడల్ గిటారు పక్కన పెట్టాలి. ముందు అరుపు పెడల్, తర్వాత డిలే, ఆ తర్వాత ఆంప్. లూప్ లేని ఆంప్‌తో చాలామంది చేసేది ఇదే, ఇప్పుడు మీలో ఎవరైనా అడిగినా ముందు ఇదే చెప్తాను. షాపులో ఉన్న విడిభాగాలతో ఒక అరుపు డబ్బా నేనే కట్టాను. శనివారం టీచరమ్మ వచ్చి వాయించింది. బురద పోయింది. ప్రతి స్వరమూ విడివిడిగా పలికింది. నేను పొంగిపోయాను.

ఆవిడ ఇంకోసారి వాయించి ఆపేసింది. "బాగుండాదన్నా. కానీ కట్టుడు పళ్లతో పాడినట్టుండాది."

నిజమే. ఆ పాత వాల్వుల గొంతు అందులో లేదు. బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న భాయ్ అప్పుడు నోరు విప్పాడు.

"నన్నొక మాట అడగనిస్తారా? పాటగాడికి ఎకో ఏడ వేస్తాం మనం? గొంతులో వేస్తామా?"

"మిక్సర్లో వేస్తాం," అన్నాను.

"అంటే వాడు అరిచినాక. మైకు ఆ అరుపు తీసుకున్నాక. ఈ పెట్టె కూడా పాటగాడే కదరా. దీన్ని దీని ఇష్టానికి అరవనియ్యి. ముందర ఒక మైకు పెట్టు. ఆ యమ్మ డబ్బా తెచ్చి నా మిక్సర్‌కి తగిలియ్యి. ముప్పై ఏళ్లుగా నేను చేస్తా ఉండేది అదే, మీరిద్దరూ కొండలెక్కి వచ్చినారు."

టీచరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నేను నవ్వలేకపోయాను, కాసేపు. మైకులన్నిటినీ ఒకచోట కలిపే ఆ మిక్సర్లో కూడా సెండ్ అని ఒక బెజ్జం, తిరిగి రావడానికి ఒక దారి ఉంటాయి. ప్రతి ఉరుసుకూ, ప్రతి పెళ్లికీ నా చేత్తో తగిలించినవే. లూప్ లేని ఆంప్‌కు లూప్ నా కళ్లెదుట ఇనప అల్మరాలో ఉంది. దాని పేరు ఇంగ్లీషులో వినేసరికి నేను దాన్ని గుర్తుపట్టలేదు.

పండగకు ముందురోజు చర్చిలో అంతా అమర్చి చూశాం. ఆంప్ ఆవిడ వెనక, దానికెదురుగా మైకు, మైకు నుంచి మిక్సర్‌కు, మిక్సర్ సెండ్ నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి మళ్లీ మిక్సర్‌కు. మిక్సర్ పంపే శబ్దం గిటారు శబ్దంకన్నా బలమైనది కాబట్టి సెండ్ నాబ్ బాగా తగ్గించి పెట్టాం. పెడల్‌లో అసలు స్వరం రాకుండా జవాబులు మాత్రమే వచ్చేట్టు తిప్పాం. పాట నడకకు తగ్గట్టు జవాబు ఎంతసేపటికి రావాలో టీచరమ్మ కాలితో తాళం వేస్తూ సరిచేసుకుంది. అప్పుడు ఒక చిక్కు చెప్పింది.

"మూడో చరణం దగ్గర పెద్దసారు పరిగెత్తుతాడు. ఎప్పుడూ అంతే. హార్మోనియం ఆయనదే కాబట్టి అందరం వెనకాల పరిగెత్తుతాం. ఈ డబ్బా పరిగెత్తదు కదా. అక్కడ మళ్లీ గందరగోళమే."

"ఆయనకి చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు భాయ్.

"ఎవరు చెప్తారు? మా అందరికీ అక్షరాలు దిద్దించింది ఆయనే."

పెద్దసారు రిటైరైన హెడ్‌మాస్టరు. డెబ్బై దాటినా వెన్ను వంగని మనిషి. భాయ్ కాస్త ఆలోచించి, "పాట ఇంకోసారి పాడండి. నేను చూసుకుంటా," అన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికల్లా చర్చి నిండా పంట. పీఠం ముందు గుమ్మడికాయలు, వేరుశెనగ కాయలు, సజ్జ కంకులు, కాళ్లు కట్టేసిన నాలుగు కోళ్లు. చివరిసారి చూద్దామని నేను మిక్సర్ ముందు నిలబడి టీచరమ్మకు సైగ చేశాను. ఆవిడ ఒక్క స్వరం మీటింది. జవాబు వచ్చింది. రెండో జవాబు మొదటిదానికన్నా పెద్దగా వచ్చింది. మూడోది ఇంకా పెద్దగా. క్షణాల్లో చర్చి అంతా బొబ్బలు. కోళ్లు కట్లు తెంపుకునేంత పని చేశాయి. సరిగ్గా అప్పుడే పెద్దసారు గుమ్మంలో కాలు పెట్టాడు.

భాయ్ చెయ్యి నా పక్కనుంచి వచ్చి ఒక నాబ్ మూసింది. నిశ్శబ్దం. పెడల్ నుంచి తిరిగొచ్చే దారిలో కూడా సెండ్ తెరిచి ఉంచాను నేను. జవాబు మళ్లీ పెడల్‌లోకే పోయి, తనను తానే పెంచుకుంటూ పోయింది.

"ఇదేనా మీ ఏర్పాటు?" అన్నాడు పెద్దసారు.

"తప్పు నాది సార్," అన్నాను. "ఒక నాబ్ మూయడం మరిచినాను. పెట్టెదీ కాదు, టీచరమ్మదీ కాదు. నాదే." నాలుగు రోజులు పట్టిన మాట ఈసారి నాలుగు క్షణాలు కూడా పట్టలేదు. భాయ్ నా వంక చూసి మిక్సర్ ముందు నుంచి నన్ను పక్కకు నెట్టాడు. నేను కాదనలేదు.

పాట మొదలైంది. మొదటి చరణం హార్మోనియం, డోలకీ, గొంతులు. రెండో చరణంలో గిటారు వచ్చింది. వాల్వులు తమ ఇష్టానికి ఎలుగెత్తాయి. ఒక్కో స్వరం వెనక దాని జవాబు విడిగా, చక్కగా, గొంతుల సందుల్లోంచి నడిచి వెళ్లింది. బృందంలో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మూడో చరణం రాగానే, ముందే అనుకున్నట్టు, పెద్దసారు వేళ్లు పరుగందుకున్నాయి. నేను భాయ్ వైపు చూశాను. భాయ్ పెదవులు కదులుతున్నాయి. పాట మాటలు ఆయనకు ఒక్కరోజులో నోటికొచ్చేశాయి. పరుగు మొదలైన మాట దగ్గర సెండ్ నాబ్ మెత్తగా మూసేశాడు. గిటారు ఉత్తదిగా వాళ్లతో పాటే పరిగెత్తింది, ఎవరికీ ఏమీ తగలలేదు. నాలుగో చరణంలో నడక కుదుటపడింది. చివరి మాట మీద టీచరమ్మ ఒక్క స్వరం మీటి చెయ్యి తీసేసింది. భాయ్ అప్పుడు నాబ్ తెరిచాడు.

గొంతులన్నీ ఆగిపోయాయి. ఆ ఒక్క స్వరం మాత్రం పంటకుప్పల మీదుగా, జనం తలల మీదుగా, వెనక తలుపు దాకా, ఇంకా మెల్లగా, ఇంకా మెల్లగా వెళ్లింది. అది పూర్తిగా పోయేదాకా ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలియలేదు. భాయ్‌కి తెలిసి ఉంటుంది.

ఆరాధన అయ్యాక పెద్దసారు నేరుగా మిక్సర్ దగ్గరికొచ్చాడు. బృందం మొత్తం కొంచెం దూరంలో నిలబడింది.

"ఆ చివర్న వచ్చిందే, అదేంది?"

"ఎకో సార్," అన్నాడు భాయ్.

"అది బాగుండాది. మరి మూడో చరణంలో ఎందుకు ఆపినావు?"

నేను భాయ్ కాలు తొక్కుదామనుకున్నాను. ఆలస్యమైంది.

"మీరు పరిగెత్తినారు సార్. అది పరిగెత్తలా."

పెద్దసారు మొహం గంభీరమైంది. "నేనా? నేను పరిగెత్తుతానా?" అని వెనక్కి తిరిగి టీచరమ్మను చూశాడు. ఆవిడ తల దించుకోలేదు.

"ఆరేళ్లుగా సార్," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. పెద్దసారు ఒక్కొక్కరి మొహమూ వరసగా చూశాడు, క్లాసులో అల్లరి చేసినవాణ్ణి వెతుకుతున్నట్టు. ఒక్కరూ కాదనలేదు. ఆయన కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుని వెళ్లిపోయాడు. గిటారు ఉంటుందా, పోతుందా అన్నది ఆ రోజు మాకు తేలలేదు. సామాను వ్యానుకెక్కించి ఆత్మకూరు దారి పట్టాం. "చెప్పకుండా ఉండాల్సింది," అని భాయ్ ఒకసారి అన్నాడు. "చెప్పమని నేర్పింది నువ్వే కదా," అన్నాను.

మీకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. తెలియనిది తెలుసని అనకండి. పిన్ను మనిషి చేతికి ఇచ్చే ముందు మీటరు పెట్టండి. వినేవాడు సర్క్యూట్ బొమ్మ చదవలేకపోయినా వాడి మాట వినండి. ఇవన్నీ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, నాకూ చెప్పారు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ ఫోన్ చేసింది. ఆ వారం మేం వెళ్లలేదు. చర్చివాళ్లదే ఉన్న చిన్న మిక్సర్‌కు డబ్బా తనే తగిలించుకుందట. మళ్లీ అదే పాట పాడారట. మూడో చరణం ముందు పెద్దసారు ఎడమకాలి చెప్పు విడిచి, వట్టి పాదంతో నేల మీద తాళం వేస్తూ, హార్మోనియం వాయించాడట.

"మరి నాబ్ ఎవరు మూసినారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ మూయలేదన్నా," అంది. "పాటంతా తెరిచే ఉండింది."